ఫ్రీజర్‌లో సగం గరిటె

వదిన ఫోన్ చేసేసరికి నేను కారులో, ఎప్పటిలాగే పక్క సీట్లో ఉన్నాను. డ్రైవింగ్ నేర్పడం నా ఉద్యోగం. స్టీరింగ్ నేర్చుకునేవాళ్ల చేతిలో ఉంటుంది, నా కాళ్ల దగ్గర ఇంకో బ్రేకు ఉంటుంది, నోరు మాత్రం రోజంతా నాదే. ఆ గురువారం సాయంత్రం ఒక బ్యాంకు ఉద్యోగిని కారు వెనక్కి తీస్తూ కాలిబాట మీదికి ఎక్కించి దించింది. ఒకప్పుడైతే వీధి చివరిదాకా వినపడేది నా గొంతు. "పర్లేదు, మళ్లీ తియ్యండి," అన్నాను. ఆవిడ నావంక అనుమానంగా చూసింది.

"మాస్టారూ, ఫ్రిజ్ పోయింది," అంది వదిన ఫోనులో.

నన్ను మాస్టారని మొదట పిలిచింది అన్నయ్య. వేళాకోళానికి మొదలుపెట్టాడు. తర్వాత వదిన అందుకుంది. ఇరవయ్యేళ్లలో అదే పేరైపోయింది.

"మెకానిక్‌ని పిలవకపోయావా?" అన్నాను.

"పిలిచాను. లోపల కంప్రెసర్ పోయిందట. సోమవారం కొత్త ఫ్రిజ్ తెస్తామన్నారు. నేను చెప్పేది అది కాదు. పొద్దున్న పనిలోకి వెళ్లేటప్పుడు బాగానే ఉంది. ఇప్పుడొచ్చి చూస్తే వంటింటి నిండా నీళ్లు. పై అరలో ఉన్నవన్నీ కరిగిపోయాయి. అది కూడా."

అదేమిటో నాకు తెలుసు. ఫోన్ పెట్టేసి, బ్యాంకు ఆవిడతో ఇంకో రెండుసార్లు కారు వెనక్కి తీయించాను. రెండుసార్లూ ఎక్కించింది. రెండుసార్లూ పర్లేదన్నాను.

*

అన్నయ్య ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసేవాడు. "గాలి పీల్చండి, బిగపట్టండి, ఇక వదలండి" అని ముప్పయ్యేళ్లు చెప్పిన మనిషి. ఆ గదికి కిటికీ లేదు. అందుకేనేమో, మూడు రోజుల సెలవు దొరికితే చాలు, డేరా మూటకట్టి కారెక్కించి అడవి అంచున ఉన్న సరస్సు దగ్గరికి బయల్దేరేవాడు. వదినని తీసుకెళ్లేవాడు. నన్ను మొదట్లో లాక్కెళ్లాడు, తర్వాత నేనే ముందు తయారయ్యేవాణ్ణి. మా ఆవిడ ఒక్కసారి వచ్చింది. పురుగుల సంగతి చూసి, మీ సరదా మీకు, నా మంచం నాకు అని తేల్చేసింది.

అక్కడ కూర్చుని మేం చేసేది చెక్క చెక్కడం. గరిటెలు, చెంచాలు. అన్నయ్య ఒక పుస్తకం ముందు పెట్టుకుని, మూడు వేళ్లు కోసుకుని నేర్చుకున్నాడు. నాకు నేర్పేటప్పుడు ఆ మూడు వేళ్లూ చూపించి మరీ నేర్పాడు. గాలికి విరిగిపడిన కొమ్మలే వాడాలి, చెట్టు మీద చెయ్యి వెయ్యకూడదు. కొయ్య పచ్చిగా ఉన్నప్పుడే చెక్కాలి, అప్పుడు వెన్నలా తెగుతుంది. ఎండితే రాయే. సగంలో వదిలేస్తే ఎండుతూ ఎండుతూ పగులుతుంది. అందుకని పూర్తికాని గరిటెని తడి కాగితంలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో కట్టి, ఫ్రీజర్‌లో పడేస్తాం. మళ్లీ వెళ్లేటప్పుడు తీసుకెళ్తాం. మా ఇళ్లల్లో ఐస్‌క్రీం పక్కన కట్టెముక్కలుంటాయంటే బయటవాళ్లు నమ్మరు.

అక్కడ మొదలుపెట్టింది అక్కడే పూర్తి చెయ్యాలన్నది అన్నయ్య పెట్టిన నియమం. "ఇంట్లో చెక్కితే అది పని మాస్టారూ. ఇక్కడ చెక్కితే సరదా" అనేవాడు. పైకి అలా అన్నా అసలు కారణం వదిన. ఆవిడ కళ్లద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తుంది. రవ్వంత దుమ్మున్నా ఆవిడ కంట పడాల్సిందే. ఇంట్లో ఒక్క చెక్కపేడు కనబడినా అన్నదమ్ములిద్దర్నీ కలిపి కడిగేసేది.

తొమ్మిది నెలల క్రితం అన్నయ్య పోయాడు. కాఫీ తాగొస్తానని ఎక్స్‌రే గదిలోంచి బయటికొచ్చి, వరండాలో కూలబడ్డాడట. ఆసుపత్రిలోనే కదా, చుట్టూ డాక్టర్లే. అందరూ పరిగెత్తుకొచ్చారు. అప్పటికే అయిపోయింది.

అంతకు ముందు నుంచే వదిన ఫ్రీజర్‌లో ఒక సంచి ఉంది. అన్నయ్య ఆఖరిసారి సరస్సు దగ్గర్నుంచి తెచ్చి పెట్టింది, సగం చెక్కిన గరిటె. దాన్ని వదిన తియ్యలేదు, విప్పలేదు, ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. దాని పక్కన బఠాణీలు పెడుతుంది, తీస్తుంది. ఇంట్లో అందరూ దాన్ని 'ఆఖరి గరిటె' అనేవాళ్లు. నేను మాత్రం దాని ఊసెత్తేవాణ్ణి కాదు.

*

ఇక్కడ నా సంగతి కొంచెం చెప్పాలి. నాది ముక్కు మీద కోపం. రోజంతా పక్కవాళ్లకి ఇటు తిప్పు, అటు తిప్పు అని చెప్పే ఉద్యోగం చేస్తూ, నాకెవరైనా చెప్పారంటే మాత్రం ఒళ్లు మండిపోతుంది. ఇది నాకూ తెలుసు. తెలిసి చేసేదేమీ లేదు.

చెక్కలో పోగులుంటాయి. పిల్లి వీపు లాంటిదే అది. తోకవైపు నిమిరితే మెత్తగా ఉంటుంది, ఎదురు నిమిరితే జుట్టు లేస్తుంది. కత్తి పోగు వెంట నడిస్తే పల్చటి పేడు చుట్టలు తిరుగుతూ వస్తుంది. పోగుకి ఎదురెళ్తే లోపలికి దిగబడి ముక్క ఊడబెరుకుతుంది. గరిటె వంపు తిరిగిన ప్రతిచోటా ఆ దిక్కు మారుతుంది. అన్నయ్యకి బొటనవేలితో తడిమితే తెలిసిపోయేది. నాకు తెలిసేది కాదు. అందుకని మొదటి ఏళ్లలో నా చెక్క మీద పెన్సిల్‌తో బాణాలు గీసిచ్చేవాడు. ఇక్కణ్ణుంచి ఇటు, అక్కణ్ణుంచి అటు. బాణం వెంట కోసుకుంటూ పోతే బాణం పేడుతోపాటు లేచిపోయేది, కింద నున్నటి గరిటె మిగిలేది. ఎక్కడైనా గరుకొస్తే "తిప్పి చూడు" అనేవాడు. చెక్కని తిప్పి రెండోవైపు నుంచి కొయ్యమని. తలెత్తకుండా తన పని తను చేసుకుంటూనే, నా కత్తి చప్పుడు విని అనేవాడు.

కొన్నాళ్లకి ఆ బాణాలు నాకు నామోషీ అనిపించాయి. వద్దన్నాను. మానేశాడు. ఆ తర్వాత నా గరిటెలు ఎలా వచ్చాయో వదినని అడగాలి.

కిందటేడు మేం ముగ్గురం కలిసి వెళ్లిన ఆఖరిసారి, నేను ఒక మంచి కొమ్మ పట్టాను. తెల్లటి కొయ్య, ముడి లేదు. కాడ చివర పిట్ట ముక్కులా వంచి చెక్కాలని నా ఆలోచన. అలాంటి హంగులు అన్నయ్యకి నచ్చవు. గరిటె కలపడానికే అంటాడు. అయినా ఏమీ అనలేదు. గరిటె గుంట అంచు దగ్గరికి వచ్చేసరికి చెవి మీదున్న పెన్సిల్ తీసి, "ఒక్క బాణం గీస్తాను, అంతే," అన్నాడు.

"నలభై అయిదేళ్లొచ్చాయి నాకు," అన్నాను. "రోజుకి పదిమందికి దారి చెబుతాను. నాకెవరూ దారి చూపించక్కర్లేదు."

అని కత్తి నెట్టాను. గోరంత ముక్క గుంట అంచులోంచి ఊడి కింద పడింది.

అన్నయ్య పెన్సిల్ మళ్లీ చెవి మీద పెట్టుకున్నాడు. చూశావా అన్నా బాగుండేది. ఆ గరిటెని తీసుకెళ్లి పొయ్యి కోసం ఏరిన పుల్లల మీద విసిరికొట్టాను. "కాల్చెయ్. నీ బాణాలు కూడా అందులోనే కాల్చెయ్," అన్నాను. చెరో మాటా అనుకున్నది కూడా కాదు అది, అన్నీ నేనే అన్నాను. తర్వాత నీళ్ల ఒడ్డుకు పోయి, ఎండ తగ్గేదాకా వాళ్లకి వీపు పెట్టి కూర్చున్నాను. తిరుగు ప్రయాణంలో పాటలు పెట్టమని వదిన అంటే పెట్టాను, అంతే. ఆ తర్వాత రెండు నెలల్లో రెండుసార్లు కలిశాం. బాగున్నావా అంటే బాగున్నాను. చలి మొదలైందంటే అవును మొదలైంది. మూడోసారి కలవడానికి మనిషి లేడు.

నేను ఏడవలేదు. ఏడవకూడదని కాదు, రాలేదు. అన్నయ్య పోయిన రోజు మధ్యాహ్నం భోజనం చేశాను, రుచి కూడా తెలిసింది. నాలుగో రోజు పనిలోకి వెళ్లాను. కొన్నాళ్లు పోతే కరుగుతాడులే అనుకున్నారు. కరగలేదు. కోపం కూడా పోయింది. రెడ్‌లైట్ దాటించినవాడి మీద కూడా చీమ కుట్టినంత కోపం రాలేదు. మాస్టారు మంచివారైపోయారని డ్రైవింగ్ స్కూల్లో చెప్పుకున్నారు. నా దగ్గర నేర్చుకుంటామని కోరి మరీ వచ్చేవాళ్లు పెరిగారు.

"మీరు అరిచి ఎన్నాళ్లయిందో తెలుసా?" అని అడిగింది ఒకరోజు మా ఆవిడ. చారుగిన్నె మూత పెట్టడం మర్చిపోయి నిలబడింది. "ఒకసారి నామీదైనా అరవండి. భయంగా ఉంది నాకు."

అరవడానికి ఏమీ దొరకలేదు.

*

గురువారం సాయంత్రమే వదిన ఇంటికి వెళ్లాను. వంటింట్లో నేల తుడిచి ఉంది. ఫ్రిజ్ తలుపు బార్లా తెరిచి, సందులో గుడ్డ కుక్కి ఉంది. ఆ సంచి మాత్రం నీళ్లు నింపిన గిన్నెలో ఉంది, ఆరిపోకుండా.

"నువ్వే పూర్తి చెయ్యాలి," అంది వదిన.

"నా వల్ల కాదు. పాడుచేస్తాను. నా గరిటెలు చూశావుగా."

"చూశాను. రెండు ఈ వంటింట్లోనే ఉన్నాయి. ఒకటి తలుపు కొట్టుకోకుండా అడ్డం పెడుతున్నాను."

నిజమే. తలుపు కింద ఉంది. కాడ పట్టుకోడానికి వీలుగా కూడా ఉంది.

"కరిగినదాన్ని మళ్లీ గడ్డకట్టించకూడదని ఆయనే చెప్పేవారు," అంది. "నీళ్లలో ఎన్నాళ్లుంచుతాను, నల్లబడి కుళ్లుతుంది. బయటపెడితే మూడు రోజుల్లో పగులుతుంది. పగిలిందా, ఇక అది కట్టెముక్కే. నువ్వు పాడుచేస్తే కనీసం పాడైన గరిటె ఉంటుంది నాకు."

ఆవిడ లెక్క సరిగ్గానే ఉంది. అయినా నాకు అదోలా ఉండాలి కదా. అన్నయ్య చేతిలోంచి వచ్చిన ఆఖరి వస్తువు, దాని మీద నేను కత్తి పెట్టాలి, తప్పితే మళ్లీ రాదు. చేతులు వణకాలి. నాకు మాత్రం శనివారం సరస్సుకి వెళ్లడానికి బండిలో పెట్రోలు ఉందా లేదా అన్న ఆలోచన వచ్చింది.

"శనివారం పొద్దున్నే వస్తాను," అన్నాను.

*

అడవి గేటు దగ్గర గార్డు మా కారుని దూరంనుంచే గుర్తుపట్టాడు. మేం ఆగేలోపలే పుస్తకంలో రాసేసుకుని, కిటికీ దగ్గరికి వచ్చాడు. వెనక సీటు చూశాడు.

"పెద్దాయన రాలేదా?"

"లేరు. పోయిన ఏడాది పోయారు," అంది వదిన.

అతను వెనక్కి వెళ్లి పుస్తకంలో ముగ్గురు అని రాసింది కొట్టేసి ఇద్దరని రాసుకున్నాడు. ఆ కొట్టివేత మీద సంతకం పెట్టమన్నాడు, అది నియమమట. పెట్టాను.

సరస్సు ఎప్పటిలాగే ఉంది. నీళ్లు కొంచెం వెనక్కి తగ్గి, ఒడ్డున బురద ఆరి పెళ్లలు కట్టి ఉంది. ఎప్పుడూ దిగే చోటే దిగాం. డేరా నేను వేశాను. ఇరవయ్యేళ్లు పక్కన నిలబడి తాళ్లు అందించడమే తప్ప వేసిందెప్పుడు. పొడుగు గొట్టం పెట్టాల్సిన చోట పొట్టిది పెట్టాను. డేరా ఒకవైపు కుంటింది. "ఆ రెండూ మార్చాలి మాస్టారూ," అంది వదిన మడతకుర్చీలోంచి. మార్చాను. ఇదివరకైతే మార్చేవాణ్ణి కాదు, కుంటి డేరాలోనే పడుకునేవాణ్ణి. కోపం లేకపోతే పనులు ఎంత త్వరగా అవుతాయో అప్పుడు చూశాను.

ఉడకబెట్టిన గుడ్లూ రొట్టే తిన్నాం. ఫ్లాస్కులో టీ పోసుకున్నాం. ఒక నీటికోడి మునుగుతూ తేలుతూ అవతలికి పోయింది. అన్నయ్య ఉంటే అది ఈసారి ఎక్కడ తేలుతుందో పందెం కట్టేవాడు. బాగుంది అక్కడ, గాలి బాగుంది, ఎండ బాగుంది. బాగుందని తెలుస్తోంది, అంతకు మించి లోపల ఏమీ లేదు. గాజు తలుపు అవతల వంట జరుగుతున్నట్టుంది, కనబడుతుంది కానీ వాసన రాదు.

మధ్యాహ్నం రెండింటికి వదిన పాత దుప్పటి ఒకటి తెచ్చి నా కాళ్ల ముందు పరిచింది. పేళ్లు దాంట్లోనే పడాలి. అన్నయ్య కత్తులు రెండూ తోలు సంచిలోంచి తీసి పెట్టింది. తిన్నది ఒకటి, గుంట తీసే వంపు కత్తి ఒకటి. తర్వాత ఆ ప్లాస్టిక్ సంచి నా చేతిలో పెట్టింది.

"విప్పు," అంది.

విప్పాను. లోపల వార్తాపత్రిక నాని మెత్తబడి ఉంది, అక్షరాలు చెక్కకి అంటుకున్నాయి. వేళ్లతో మెల్లగా ఊడదీశాను. తెల్లటి కొయ్య ఇప్పుడు టీ రంగుకి తిరిగింది. చల్లగా, బరువుగా ఉంది. గుంట చిన్నగా, లోతుగా, సగం దాకా తీసి ఉంది. ఆ గాట్లు చూస్తే ఎవరికైనా తెలుస్తుంది, అన్నయ్యవి, ఒకదాని పక్కన ఒకటి చేపపొలుసుల్లా. కాడ మీదవి మాత్రం వేరేలా ఉన్నాయి. మెట్లుమెట్లుగా, ఎగుడుదిగుడుగా, తొందరతొందరగా. కాడ చివర ఒక పెద్ద గాటు. ఏదో వంపు తిప్పుదామని మొదలుపెట్టి వదిలేసిన గాటు.

పిట్ట ముక్కు.

నేను దాన్ని అటూ ఇటూ తిప్పాను. గుంట అంచున గోరంత ముక్క ఊడిన చోటు కోసం వెతికాను. లేదు. అన్నయ్య ఆ ముక్క ఊడిన మేరకీ అంచు మొత్తం కిందికి కోసేసి, గుంటని పొట్టి చేసి, కొత్తగా వెనక్కి జరిపి తీశాడు. పెద్ద గరిటె కావాల్సింది చిన్నదైంది. ముక్క ఊడిందని ఇక ఎవరికీ తెలియదు.

"ఏమైంది?" అంది వదిన. కుర్చీ దగ్గరికి లాక్కుంది. మెడలో వేలాడుతున్న కళ్లద్దాలు పెట్టుకుని ముందుకి వంగింది. ఆవిడ కళ్లకి ముందు కనబడ్డాయి. "ఇవేంటి, పగుళ్లా?"

పగుళ్లు కాదు. పెన్సిల్ గీతలు. తడికి కొంచెం చెదిరాయి, అయినా స్పష్టంగానే ఉన్నాయి. గుంట అంచు చుట్టూ, మెడ దగ్గర, కాడ పొడుగునా. చిన్న చిన్న బాణాలు. ఇక్కణ్ణుంచి ఇటు, అక్కణ్ణుంచి అటు.

నా చెవులు వేడెక్కాయి.

"మళ్లీ గీశాడు," అన్నాను. "వద్దన్నానా లేదా? కాల్చెయ్యమన్నానా లేదా? ఎవరు తియ్యమన్నారు నిన్ను? చెప్పిన మాట ఒక్కసారైనా చెవిన వేసుకుంటావా నువ్వు?"

సరస్సు మీదికి అరిచాను. అవతల గట్టునుంచి నా మాట నాకే తిరిగొచ్చింది. నీటికోడి మునిగిపోయింది. తొమ్మిది నెలల తర్వాత నాకు కోపం వచ్చింది, ఒళ్లంతా మండేంత కోపం, చచ్చిపోయిన అన్నయ్య మీద.

వదిన నావంక చూస్తూ ఉంది. ఎవరితో మాట్లాడుతున్నానో ఆవిడకి తెలుసు.

"వదినా, ఇది అన్నయ్య గరిటె కాదు," అన్నాను ఊపిరి తీసుకుని. "నాది. ఆ రోజు పుల్లల మీద పడేశానే, అది. నేను అలిగి అక్కడ కూర్చున్నప్పుడు ఇది చేశాడు. అన్నయ్య తన చెక్క మీద బాణాలు గీసుకోవడం ఎప్పుడైనా చూశావా? ఆయనకెందుకు బాణాలు? ఇవి నాకు గీసినవి."

వదిన కళ్లద్దాలు తీసి, చీర చెంగుతో తుడిచి, మళ్లీ పెట్టుకుంది.

"ఆ రోజు ఇంటికి రాగానే ఫ్రీజర్‌లో పెట్టారు," అంది. "కూరగాయలకే చోటు లేదు, ఈ కట్టెలేంటని కేకలేశాను. 'కోపం తగ్గాక తీద్దాంలే' అన్నారు. నా కోపం గురించి అనుకున్నాను. ఆయన చెక్కుకున్న గరిటె ఆ రోజే పూర్తయిపోయింది కదా. రోజూ దానితోనే కలుపుతున్నాను. నాకు తట్టనే లేదు. అయితే తొమ్మిది నెలలు నేను కాపలా కాసింది నీ గరిటెకా?"

"అవును."

"తలుపు కింద పెట్టేవాడి గరిటెకి."

"అవును వదినా."

ఆవిడ నవ్వింది. నవ్వులోనే ముఖం పక్కకి తిప్పుకుంది. అన్నయ్యది అనుకున్నది ఆవిడకి పోయింది, నాకు వచ్చింది. అది నాకు అర్థమైంది. క్షమించమంటే తిడుతుంది.

"చెక్కు," అంది చివరికి. "అరుస్తూ కూర్చుంటే ఆరిపోతుంది."

*

కత్తి తీసుకున్నాను. గుంట అంచున మొదటి బాణం దగ్గర పెట్టి, అది చూపించిన వైపు నెట్టాను. పేడు పల్చగా లేచింది. దాని మీద బాణం ఉంది, అది చుట్ట తిరిగి దుప్పటి మీద పడింది. కింద తడి చెక్క నున్నగా మెరిసింది. నా చేతిలోంచి అలాంటి గాటు ఎప్పుడూ రాలేదు.

రెండోది. మూడోది. మెడ దగ్గర బాణాలు రెండు ఎదురెదురుగా ఉన్నాయి, లోయలోకి రెండు వైపులనుంచీ దిగినట్టు. నేనైతే ఒక్కవైపు నుంచే లాగేసి విరగ్గొట్టేవాణ్ణి. ఇటు నుంచి సగం, అటు నుంచి సగం కోశాను. కాడ మీద నా పాత మెట్లన్నీ ఒక్కొక్కటే చదునయ్యాయి. రోజంతా పక్క సీట్లో కూర్చుని చెప్పడమే తెలిసిన నాకు, పక్కనుంచి ఒకరు చెబుతుంటే నడపడం ఇలా ఉంటుందని తెలీదు.

ఇంక మూడు బాణాలున్నాయనగా నా చెయ్యి ఆగిపోయింది.

"ఏం?" అంది వదిన.

"కోస్తే ఇవి పోతాయి. ఆయన గీసినవి ఇవే ఆఖరివి. ఇక్కడిదాకా చెక్కి వదిలేద్దామా? ఈ మూడూ ఉంచేద్దామా?"

వదిన వంగి చూసింది. ఆవిడ వేలు ఒక బాణం మీదికి వెళ్లి, ముట్టుకోకుండా ఆగింది.

"వదిలేస్తే అక్కడ మందంగా ఉండి, అక్కడే పగులుతుంది. అవునా?"

"అవును."

"మరి కొయ్యి. ఉంచుకోడానికి గీసినవి కావవి."

కోశాను. మూడూ పోయాయి. ఒక్కోటి పడ్డప్పుడు వదిన కళ్లు దాని వెంటే దుప్పటి మీదికి వెళ్లాయి.

ఇక కాడ చివర మిగిలింది. పిట్ట ముక్కు. గరిటెని ఎండకి ఎత్తి పట్టుకుని అన్నివైపులా వెతికాను. వెనక చూశాను, పక్కల చూశాను. అక్కడ ఒక్క బాణం కూడా లేదు. పెన్సిల్ తగిలిన గుర్తు కూడా లేదు. మిగతా గరిటెనంతా బాగుచేసిన మనిషి, తనకి అస్సలు నచ్చని ఆ హంగు జోలికి మాత్రం రాలేదు. నా సరదా నాకు వదిలేశాడు.

ఆ వంపులో పోగులు ఎటు నడుస్తున్నాయో నాకు తెలియలేదు. బొటనవేలితో తడిమాను. ఏమీ చెప్పలేదు. కత్తి పెట్టాను, తీశాను. తప్పుగా నెడితే ముక్కు ఊడి చేతిలోకొస్తుంది. అన్నయ్య చెవి మీది పెన్సిల్ కోసం చూసే అలవాటు ఆ క్షణాన ఎక్కణ్ణుంచి వచ్చిందో, తల కుడివైపుకి తిప్పాను. అన్నయ్య ఎప్పుడూ అటే కూర్చునేవాడు. అక్కడ గడ్డి ఉంది.

"అన్నయ్యా," అన్నాను. "ఇటా, అటా?"

నలభై ఆరేళ్లలో అన్నయ్యని నేను ఏదైనా అడగడం అదే మొదటిసారి. చెబితే వినలేదు, చూపిస్తే చూడలేదు, కానీ అడగడమన్నది మాత్రం ఎప్పుడూ చెయ్యలేదు. అడిగి, జవాబు కోసం నిజంగానే ఆగాను. నీళ్లు ఒడ్డుని తడుముతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. అప్పుడు ఏడుపు వచ్చింది. కత్తి చేతిలో ఉండగానే వచ్చింది. వదిన లేచి, ముందు కత్తి తీసుకుని దూరంగా పెట్టి, తర్వాత నా వీపు మీద చెయ్యి వేసింది. ఏడవకు అనలేదు. ఆవిడ కూడా ఏడుస్తోంది.

ఎంతసేపయిందో తెలియదు. ఎండ నీళ్ల మీదికి వాలింది. చెక్క ఆరిపోతుందని వదినే గుర్తుచేసింది. ఫ్లాస్కులో మిగిలిన టీ నాకు పోసి, కత్తి తెచ్చి ఇచ్చింది.

వంపు మీద కత్తి ఆనించి, ఇటువైపు, వెంట్రుక మందం నెట్టాను. గర్రుమంది. పోగు లేచింది. కొంచెమే. ఆపేశాను. గరిటెని అరచేతిలో తిప్పి, కాడ నావైపుకి పెట్టుకుని, రెండోవైపు నుంచి అంతే సన్నంగా లాగాను. చప్పుడు లేకుండా వచ్చింది పేడు.

"ఏమన్నారు?" అంది వదిన.

"తిప్పి చూడమన్నాడు," అన్నాను.